వెంట్రుక కుదురు, దాని ఇరుగుపొరుగు

జుట్టు రాలడం మొదలైన మనిషికి నలుగురూ చెప్పే మాట ఒకటే: మాడుకు రక్తప్రసరణ సరిగా లేదు, పెంచుకో. ఆముదం వేడిచేసి రుద్దమనేవాళ్లు, ఉల్లిరసం పట్టించమనేవాళ్లు, శీర్షాసనం వెయ్యమనేవాళ్లు, దువ్వెనతో మాడును గీరమనేవాళ్లు అందరూ చూపే కారణం ఇదే. నూనె ప్రకటనల్లోనూ ఇదే వినిపిస్తుంది. వినడానికి సబబుగానే ఉంటుంది. ఒంట్లో ఏ భాగానికైనా తిండి, ప్రాణవాయువు మోసుకొచ్చేది రక్తమే కాబట్టి, అది దండిగా అందితే జుట్టు దండిగా పెరగాలి మరి.

ఈ వాదానికి గట్టి దెబ్బ 1959లోనే తగిలింది. న్యూయార్క్ చర్మవైద్యుడు నార్మన్ ఓరెంట్రైక్ తల వెనుక భాగం నుంచి జుట్టున్న చర్మాన్ని చిన్న చిన్న ముక్కలుగా తీసి, ముందువైపు బట్టతల మీద నాటి ఏం జరుగుతుందో చూశాడు. వెనుక నుంచి వచ్చిన జుట్టు బట్టతల మీద కూడా మామూలుగానే పెరిగింది. బట్టతల మీది చర్మాన్ని తీసి వెనుక జుట్టు మధ్యలో నాటితే అక్కడ అది బోడిగానే ఉండిపోయింది. చోటు మారింది, రక్తం అందించే నాళాలూ మారాయి, కానీ చర్మంలో వెంట్రుక పుట్టే గుంట, అంటే కుదురు, తన పాత గుణం వదులుకోలేదు. ఇవాళ హైదరాబాద్‌లో ఎటు చూసినా కనిపించే హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ క్లినిక్‌లన్నీ ఈ పరిశీలన మీదే నడుస్తున్నాయి. బట్టతలకు అసలు కారణం రక్తం చాలకపోవడమే అయితే, అదే బట్టతలలో నాటిన వెంట్రుకలు కూడా కొన్నాళ్లకు ఎండిపోవాలి. పైగా ఆ ఆపరేషన్‌లో డాక్టర్‌కు ఉండే పెద్ద తలనొప్పుల్లో ఒకటి రక్తం కారడమే. దాన్ని తగ్గించడానికే మత్తుమందులో నాళాలను ముడిచే అడ్రినలిన్ కలిపి ఇస్తారు.

అలాగని జుట్టుకు రక్తంతో పని లేదనడం కూడా పొరపాటే. రక్తనాళాలు కుదురు పరిమాణాన్ని, అది పెరిగే తీరును మారుస్తాయని చూపించిన ప్రయోగాలు ఉన్నాయి. కాకపోతే ఆ సంబంధంలో ఎవరు ఎవరికి కబురు పంపుతున్నారన్నది చూడాలి. అక్కడే ప్రకటనల లెక్క తలకిందులవుతుంది.

కుదురు లోపల

తల వెంట్రుక కుదురు పెరిగే దశలో దాదాపు నాలుగు మిల్లీమీటర్ల లోతుకు దిగి, చర్మం అడుగున కొవ్వు పొరలో కూర్చుంటుంది. దాని కింది కొస ఉబ్బుగా ఉంటుంది. ఆ ఉబ్బులోకి కింది నుంచి చొచ్చుకొచ్చిన చిన్న కణాల ముద్దను డెర్మల్ పాపిల్లా అంటారు. దాన్ని కప్పి ఉండే మాట్రిక్స్ కణాలే విభజన చెందుతూ, పైకి జరుగుతూ, గట్టిపడి వెంట్రుకగా బయటికొస్తాయి. ఒంట్లో అతి వేగంగా విభజన చెందే కణాల్లో ఇవి ఉంటాయి. కీమోథెరపీ తీసుకుంటే జుట్టు ఊడడానికి ఈ వేగమే కారణం.

ఇంత జోరుగా పనిచేసే మాట్రిక్స్‌లోకి ఒక్క రక్తనాళం కూడా వెళ్లదు. నాళాలు దాని పక్కదాకా వచ్చి ఆగిపోతాయి. పెద్ద కుదుళ్లలో పాపిల్లా లోపలికి సన్నని రక్తకేశనాళికలు వెళ్లి, వంపు తిరిగి బయటికొస్తాయి. కుదురు కింది భాగాన్ని చుట్టి ఉండే పొరలో ఇంకో అల్లిక ఉంటుంది. మాట్రిక్స్‌కు కావలసినవన్నీ ఈ రెండు చోట్ల నుంచి ఊరి చేరాల్సిందే. ముంజేతి మీది నూగు వెంట్రుకల కుదుళ్లకు ఇంత హంగు ఉండదు.

తలమీది చర్మానికి రక్తం తక్కువన్న మాటైతే అసలు నిలవదు. నుదుటి నుంచి రెండు, కణత నుంచి ఒకటి, చెవి వెనుక నుంచి ఒకటి, మెడ వెనుక నుంచి ఒకటి చొప్పున ఇటు అయిదు, అటు అయిదు ధమనులు పైకి వచ్చి ఒకదానితో ఒకటి కలుస్తాయి. అవి వెళ్లే పొరలోని గట్టి పీచు వాటి గోడలను పట్టి ఉంచడం వల్ల, తెగినప్పుడు అవి తేలిగ్గా ముడుచుకోవు. తలకు చిన్న గాయమైనా చొక్కా తడిసిపోయేంత రక్తం రావడానికి కారణమిది.

కుదురుకు ఒక చక్రం ఉంది. తలమీద పెరిగే దశ సుమారు రెండు నుంచి ఆరేళ్లు సాగుతుంది. తర్వాత రెండు మూడు వారాల్లో కుదురు కింది సగం కుంచించుకుపోతుంది. ఆపైన దాదాపు మూడు నెలలు విశ్రాంతి. మళ్లీ కొత్త చక్రం మొదలై, పాత వెంట్రుక ఊడిపోతుంది. రోజుకు యాభై నుంచి వంద దాకా వెంట్రుకలు రాలడం మామూలే అనడం ఈ లెక్కను బట్టే. కుదురు ఇలా లోతుకు దిగినప్పుడల్లా దాని చుట్టూ నాళాల అల్లిక పెరుగుతుంది, ముడుచుకున్నప్పుడల్లా తగ్గుతుంది. మనిషి తలలో ముడుచుకునే కుదుళ్ల చుట్టూ నాళాలు ఎలా మారతాయో ఎల్లిస్, మొరెట్టి అనే ఇద్దరు 1959లోనే రాసి పెట్టారు.

పిలిచేది కుదురు

అప్పట్లో తేలని ప్రశ్న ఏమిటంటే, నాళాలు పెరిగినందువల్ల కుదురు పెరుగుతోందా, కుదురు పెరిగినందువల్ల నాళాలు పెరుగుతున్నాయా అని. దీని మీద సూటిగా పనిచేసింది బోస్టన్‌లో మైకేల్ డెట్మార్ బృందం. వాళ్ల వ్యాసం 2001లో వచ్చింది. కొత్త రక్తనాళాలు మొలవడానికి వీఈజీఎఫ్ అనే ప్రొటీన్ కావాలి. చిట్టెలుకల్లో పెరిగే దశలోకి వచ్చిన కుదురు తన బయటి తొడుగు కణాల్లో ఈ ప్రొటీన్‌ను స్వయంగా తయారు చేసుకుంటోందని వాళ్లు చూశారు. అంటే చుట్టూ ఉన్న నాళాలకు రమ్మని కబురు పంపుతున్నది కుదురే.

తర్వాత వాళ్లు రెండు వైపుల నుంచీ పరీక్షించారు. చర్మంలో వీఈజీఎఫ్ ఎక్కువ తయారయ్యేలా జన్యువు మార్చిన చిట్టెలుకల్లో కుదుళ్ల చుట్టూ నాళాలు పెరిగాయి, పీకేసిన జుట్టు త్వరగా తిరిగొచ్చింది, కుదుళ్లు, వెంట్రుకలు రెండూ లావయ్యాయి. వీఈజీఎఫ్‌ను అడ్డుకునే యాంటీబాడీ ఇచ్చిన మామూలు చిట్టెలుకల్లో జుట్టు ఆలస్యంగా వచ్చింది, కుదుళ్లు చిన్నవయ్యాయి. దీన్నిబట్టి నాళాలకు పాత్ర ఉందన్నది ఖాయం. అయితే ఆ పాత్ర ఎక్కువగా లావు దగ్గర, వేగం దగ్గర కనిపించింది. కబురు మొదలైంది మాత్రం కుదురులో. దాన్ని మాడు పైనుంచి రుద్ది పుట్టించడం అంత తేలిక కాదు.

దీనికి పూర్తిగా ఎదురు దిశలో ఇంకో ప్రయోగం ఉంది, ఈ చర్చలో ఇది రావలసినంతగా రాదు. 1990లో బ్రిటన్‌లో ఫిల్‌పాట్, గ్రీన్, కీలీ అనే ముగ్గురు పరిశోధకులు మనిషి తలలోంచి కుదుళ్లను ఒక్కొక్కటిగా విడదీసి, గాజు పాత్రలో పోషక ద్రవంలో ఉంచారు. అక్కడ రక్తం లేదు, నాళం లేదు, గుండె కొట్టుకోవడం లేదు. అయినా ఆ కుదుళ్లు కొన్ని రోజుల పాటు తలమీద పెరిగినట్టే రోజుకు దాదాపు 0.3 మిల్లీమీటర్ల చొప్పున వెంట్రుకను బయటికి నెట్టాయి. కుదురుకు కావలసింది గ్లూకోజ్, అమైనో ఆమ్లాలు, ఇన్సులిన్ లాంటి కొన్ని వస్తువులు. అవి అందాక, ఎంత దూకుడుగా రక్తం పారుతోందన్నదాన్ని కుదురు పట్టించుకోదు. ఇంకో ఆశ్చర్యం ఉంది. ఆక్సిజన్ పుష్కలంగా ఉన్నా ఈ కుదుళ్లు గ్లూకోజ్‌లో ఎక్కువ భాగాన్ని పూర్తిగా మండించుకోకుండా లాక్టేట్‌గా మార్చి వదిలేస్తాయి. ‘మాడుకు ఆక్సిజన్ అందించే’ సీరమ్‌లు అమ్మేవాళ్లు ఈ సంగతి చెప్పరు.

రెండు ప్రయోగాలనూ పక్కపక్కన పెడితే విషయం తేటపడుతుంది. కాలువ ఎండితే చేను ఎండుతుంది, అది నిజం. కానీ నారు పోయని మడికి ఎన్ని నీళ్లు పెట్టినా పంట రాదు. మామూలు మాడుకు నీళ్ల కరువు దాదాపు ఎప్పుడూ ఉండదు.

రక్తమే అసలు కారణమైన చోట్లు

దాదాపు అన్నది ఎందుకంటే, కరువు నిజంగా వచ్చే సందర్భాలూ ఉన్నాయి. గంటల తరబడి సాగే ఆపరేషన్లలో తలను ఒకే పొజిషన్‌లో ఉంచితే, వెనుకభాగంలో బల్లకు ఆనిన చోట చర్మానికి రక్తం ఆగిపోతుంది. ఆ తర్వాతి వారాల్లో సరిగ్గా అంతమేర జుట్టు ఊడి గుండ్రంగా మచ్చ తేలుతుంది. ఒత్తిడి తక్కువ సేపు ఉంటే జుట్టు తిరిగొస్తుంది, మరీ ఎక్కువైతే మచ్చ శాశ్వతంగా ఉండిపోవచ్చు. ఐసీయూలో, ఆపరేషన్ థియేటర్లో తలను అప్పుడప్పుడు కాస్త అటూ ఇటూ జరపడం వెనుక ఈ అనుభవం కూడా ఉంది.

ఇదే సూత్రాన్ని కావాలని తిప్పి వాడుకునేది కూలింగ్ క్యాప్. కీమోథెరపీ ఎక్కించేటప్పుడు మాడును బాగా చల్లబరిస్తే అక్కడి నాళాలు ముడుచుకుని, కుదుళ్లకు చేరే మందు తగ్గుతుంది. చలికి కణాల పనీ నెమ్మదిస్తుంది. ఇలాంటి ఒక యంత్రానికి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2015 డిసెంబర్‌లో అనుమతి ఇచ్చింది. అందరికీ పనిచేయదు, అన్ని మందులకూ పనిచేయదు, కానీ చాలామందికి జుట్టు కొంతైనా మిగులుతుంది. ఇక్కడ జుట్టును కాపాడుతున్నది రక్తప్రసరణ తగ్గడం. రక్తం ఎంత వస్తోందన్నది ఒక లెక్క, అందులో ఏం వస్తోందన్నది వేరే లెక్క.

ఆ రెండో లెక్కే మన ఇళ్లలో ఎక్కువగా కనిపిస్తుంది. టైఫాయిడ్, డెంగీ, కోవిడ్ లాంటి జ్వరాలు తగ్గిన రెండు మూడు నెలలకు, కాన్పైన మూడు నాలుగు నెలలకు దువ్వెనలోకి కుచ్చులు కుచ్చులుగా జుట్టు వచ్చి ఇంట్లో అందరికీ టెన్షన్ పట్టుకుంటుంది. మాడుకు రక్తం ఏమీ తగ్గి ఉండదు. జ్వరం వల్లో, హార్మోన్లు పడిపోవడం వల్లో పెద్ద సంఖ్యలో కుదుళ్లు ఒకేసారి విశ్రాంతి దశలోకి వెళ్లాయి. ఆ దశ మూడు నెలలు కాబట్టి రాలడం అంత ఆలస్యంగా బయటపడుతుంది. చాలామంది అప్పుడు వాడుతున్న షాంపూనో, బోరు నీళ్లనో తిట్టుకుంటారు. ఐరన్ తగ్గినా, థైరాయిడ్ తేడా చేసినా జుట్టు రాలేది ఇదే దారిలో. వీటిలో చాలావాటికి రక్తపరీక్ష చేయించి అసలు లోటు చూసుకోవడమే మార్గం, తల మసాజ్ దీన్ని ముట్టుకోలేదు.

బట్టతలలో రక్తం నిజంగానే తక్కువా

తక్కువే. 1989లో డెన్మార్క్ పరిశోధకులు తొలిదశ బట్టతల ఉన్న మగవాళ్ల మాడులో, చర్మం కింద రక్తం పారే వేగాన్ని కొలిచారు. మామూలువాళ్లతో పోలిస్తే అది రెండున్నర రెట్లకు పైగా తక్కువగా తేలింది. 1996లో వచ్చిన ఇంకో అధ్యయనంలో బట్టతల ప్రాంతంలో చర్మానికి అందే ఆక్సిజన్ ఒత్తిడి కూడా తక్కువగా కనిపించింది. రక్తప్రసరణ వాదులు ఎక్కువగా పట్టుకొచ్చేవి ఈ రెండింటినే.

కొలతలను తప్పుపట్టే పని లేదు. వాటి నుంచి ఏం తేల్చుకోవాలన్నదే గొడవ. పెద్ద కుదురు తనకు కావలసిన నాళాలను తానే పిలిపించుకుంటుందని చిట్టెలుకల ప్రయోగాల్లో చూశాం. బట్టతలలో కుదుళ్లు చక్రం చక్రానికీ చిన్నబోతూ, చివరికి నూగు వెంట్రుక మాత్రమే ఇచ్చే స్థితికి వస్తాయి. పిలిచేవాడు చిన్నబోతే వచ్చేవాళ్లూ తగ్గుతారు. కాబట్టి తగ్గిన రక్తం బట్టతలకు కారణం కావచ్చు, ఫలితమూ కావచ్చు. కొలత ఒక్కటే దాన్ని తేల్చలేదు. ఓరెంట్రైక్ నాటిన వెంట్రుకలు మాత్రం ఫలితం వైపే గట్టిగా చెయ్యెత్తుతున్నాయి.

అసలు కారణం వైపు దారి చూపినవి వేరే పరిశీలనలు. 1942లో అమెరికా శరీర నిర్మాణ శాస్త్రవేత్త జేమ్స్ హామిల్టన్, యుక్తవయసుకు ముందే వృషణాలు కోల్పోయిన మగవాళ్లకు బట్టతల రాదని, వాళ్లకు మగ హార్మోను టెస్టోస్టెరాన్ ఇస్తే వంశంలో ఆ లక్షణం ఉన్నవాళ్లకు బట్టతల మొదలవుతుందని రాశాడు. 1974లో డొమినికన్ రిపబ్లిక్‌లో కొన్ని కుటుంబాల మీద చేసిన అధ్యయనం ఇంకో మెట్టు ముందుకెళ్లింది. టెస్టోస్టెరాన్‌ను డీహెచ్‌టీగా మార్చే ఎంజైమ్ ఆ కుటుంబాల్లోని కొందరు మగవాళ్లకు పుట్టుకతోనే లోపించింది. వాళ్లకు నుదుటిమీద జుట్టు వెనక్కి జరగలేదు. ఆ ఎంజైమ్‌ను అడ్డుకునే ఫినాస్టెరైడ్ మాత్రకు 1997లో అమెరికాలో బట్టతలకు అనుమతి వచ్చింది. డీహెచ్‌టీ మాట వినేది ఎక్కువగా పాపిల్లా కణాలే. వాటి సంఖ్య తగ్గితే వెంట్రుక సన్నబడుతుందని, మరీ తగ్గితే కుదురు కొత్త చక్రం మొదలెట్టలేదని 2013లో చిట్టెలుకల మీద తేలింది.

మరి మినాక్సిడిల్ సంగతేమిటి? అది రక్తనాళాలను వెడల్పు చేసే మందే కదా అన్న ప్రశ్న రావాలి, వస్తుంది కూడా. తీవ్రమైన బీపీకి మాత్రగా అమెరికాలో 1979లో వచ్చిన ఈ మందు వాడినవాళ్లకు ముఖం మీద, చేతుల మీద కూడా వెంట్రుకలు మొలవడంతో కంపెనీ దాన్ని తలకు రాసే ద్రవంగా మార్చింది. 1988లో దానికీ అనుమతి వచ్చింది. బీపీ మందు కాబట్టి రక్తం పెంచడం వల్లే జుట్టు తెస్తోందన్న నమ్మకం అప్పటినుంచీ పాతుకుపోయింది. కానీ నాళాలను వెడల్పు చేసే మందులన్నీ జుట్టు మొలిపించవు. మినాక్సిడిల్ ముందుగా కుదురు తొడుగులో ఉండే ఒక ఎంజైమ్ చేతిలో రూపం మార్చుకోవాలి, ఆ ఎంజైమ్ తక్కువున్నవాళ్లకు మందు సరిగా పనిచేయదు. పైగా 1989లో చిట్టెలుక మీసాల కుదుళ్లను ఒంటినుంచి తీసి పాత్రలో పెంచినప్పుడు, రక్తమే లేని ఆ చోట కూడా ఈ మందు పనిచేసింది. పాపిల్లా కణాల్లో వీఈజీఎఫ్‌ను పెంచుతుందన్న ఆధారాలు ఉన్నాయి కాబట్టి నాళాల పాత్రను పూర్తిగా కొట్టిపారేయలేం. అయినా ముందు మాట్లాడేది కుదురుతోనే.

కొవ్వు, కండ, నరం

జుట్టు చర్చలో రక్తం మాటే ఎక్కువగా వినపడుతుంది గానీ, కుదురు చక్రాన్ని కదిలించే విషయంలో పక్కనున్న మిగతా కణజాలాలకు ఉన్న పట్టు తక్కువేం కాదు. గత ఇరవై ఏళ్లలో ఈ రంగంలో వచ్చిన ఆసక్తికరమైన పని చాలావరకు ఇక్కడే జరిగింది.

కొవ్వు పొరనే తీసుకుంటే, కుదురు పెరిగే దశలో చిట్టెలుక చర్మం కింది కొవ్వు పొర బాగా మందమవుతుందని 1950ల్లోనే గమనించారు. అది కేవలం మెత్త అనుకున్నారు. 2008లో మాక్సిమ్ ప్లికస్, చెంగ్‌మింగ్ చువాంగ్ బృందం ముదిరిన కొవ్వు నుంచి వచ్చే బీఎంపీ అనే సంకేతం కుదుళ్లను నిద్రలోనే ఉంచుతుందని చూపింది. 2011లో యేల్‌లో వాలరీ హార్స్‌లీ బృందం దానికి రెండో ముఖం చూపింది: అప్పుడే తయారవుతున్న లేత కొవ్వు కణాలు వేరే సంకేతంతో కుదురులోని మూలకణాలను, అంటే కొత్త కణాలను పుట్టించే కణాలను, నిద్రలేపుతాయి. ముదురు కొవ్వు ఆపమంటుంది, లేత కొవ్వు కదలమంటుంది. చిట్టెలుకల్లో జుట్టు ఒంటి మీద అలలు అలలుగా పెరుగుతుంది కాబట్టి ఈ సంకేతాలు తేలిగ్గా కనిపించాయి. మనిషి తలలో ఏ కుదురు చక్రం దానిదే. అందుకే మనకు ఏడాదికోసారి మొత్తం జుట్టు ఊడి కొత్తది రాదు. అందుకే చిట్టెలుకలో దొరికిన జవాబు మనిషికి ఉన్నదున్నట్టు అతకదు కూడా.

ఇక చలికి, భయానికి ఒళ్లు జలదరించి రోమాలు నిక్కబొడుచుకునే సంగతి. ప్రతి కుదురుకూ పక్కన ఒక సన్నని కండ అంటుకుని ఉంటుంది, అది లాగితే వెంట్రుక లేస్తుంది. దట్టమైన బొచ్చున్న జంతువుకు ఇది వెచ్చదనం, మనిషికి మాత్రం అక్కరకు రాని పాత అలవాటు అనుకునేవారు. 2020లో హార్వర్డ్‌లో యా-చీ స్యూ బృందం ఈ లెక్కను మార్చింది. ఆ కండను కదిలించే నరమే పక్కనున్న కుదురు మూలకణాలను కూడా చుట్టుకుని ఉంటుంది. చిట్టెలుకలను ఎక్కువకాలం చలిలో ఉంచితే ఆ నరం చురుకై మూలకణాలను లేపింది, కొత్త జుట్టు వచ్చింది. కండను తీసేస్తే నరం వెనక్కి జరిగిపోయింది, కబురు అందలేదు. నరానికి ఆసరాగా నిలబడడమే అక్కడ ఆ కండకు ఉన్న ఇంకో ఉద్యోగం. మగవాళ్ల బట్టతలలో చిన్నబోయిన కుదుళ్ల నుంచి ఈ కండ తెగిపోయి, దాని చోటులోకి కొవ్వు చేరుతుందని కొన్ని పరిశీలనలు ఉన్నాయి. చిన్నబోయిన కుదుళ్లు తిరిగి లేవకపోవడానికి ఇదొక కారణమా అన్నది ఇంకా తేలాల్సిన విషయం.

అదే బృందం 2021లో ఒత్తిడి హార్మోను పని కూడా చూపింది. చిట్టెలుకల్లో ఆ హార్మోను సూటిగా మూలకణాల మీద పనిచేయలేదు. పాపిల్లా కణాలు విడుదల చేసే గ్యాస్6 అనే ప్రొటీన్‌ను తగ్గించి, కుదురును విశ్రాంతిలోనే ఉంచేసింది. రక్తంలో వచ్చిన హార్మోను ముందు పొరుగువాడి చెవిలో వేసిన మాటకు కుదురు పని ఆపేసిందన్నమాట.

రోగనిరోధక కణాలూ ఈ ఇరుగుపొరుగులో భాగమే. కాపలా కణాలను అదుపులో పెట్టే టీ-రెగ్ కణాలు కుదురు మూలకణాల పక్కనే ఉండి, వాటిని లేపడంలో సాయపడతాయని 2017లో శాన్‌ఫ్రాన్సిస్కో పరిశోధకులు చిట్టెలుకల్లో చూశారు. ఇవే రోగనిరోధక కణాలు దారి తప్పితే ఏమవుతుందో తెలుగు ఊళ్లన్నిటికీ తెలుసు: పేనుకొరుకుడు. గుండ్రంగా, నున్నగా, రూపాయి బిళ్లంత మేర జుట్టు ఊడిపోయే ఈ జబ్బుకు పేనుతో సంబంధం లేదు. పెరుగుతున్న కుదురు కింది కొసను కొన్ని టీ-కణాలు చుట్టుముట్టడం వల్ల అది పని ఆపేస్తుంది. కుదురు చచ్చిపోదు కాబట్టే చాలామందికి ఆ మచ్చల్లో జుట్టు దానంతటదే తిరిగొస్తుంది, దాంతో అప్పుడు రాసిన ఆకుపసరుకో, వెల్లుల్లికో పేరొస్తుంది. ఆ రోగనిరోధక సంకేతాలను అడ్డుకునే బారిసిటినిబ్ అనే మాత్రకు, తీవ్రంగా ఉన్న పెద్దవాళ్ల కోసం 2022లో అమెరికాలో అనుమతి వచ్చింది.

కణజాలంలో మిగిలిన ద్రవాన్ని వెనక్కి తీసుకెళ్లే లింఫ్ నాళాల పాత్ర ఈ మధ్యే బయటపడింది. విశ్రాంతిలో ఉన్న మూలకణాలను లింఫ్ కేశనాళికలు ఆనుకుని ఉంటాయని, చక్రం మొదలయ్యే వేళ కాస్త విడిపోతాయని 2019లో ఇలేన్ ఫుక్స్ ప్రయోగశాల రాసింది. అక్కడ కూడా నాళాలను దగ్గరికి, దూరానికి జరుపుతున్న ప్రొటీన్లు మూలకణాల నుంచే వస్తున్నాయి.

వీటన్నిటిలో కళ్లెదుటే కనిపించే ఉదాహరణ పుట్టుమచ్చ. బుగ్గ మీదో గడ్డం కిందో ఉబ్బెత్తు పుట్టుమచ్చ మీద ఒకటి రెండు వెంట్రుకలు మిగతావాటికన్నా లావుగా, నల్లగా, పొడుగ్గా పెరగడం ఎవరైనా చూసే ఉంటారు. వాటిని కత్తిరించకూడదు, అదృష్టం అనేవాళ్లూ ఉన్నారు. 2023లో ప్లికస్ బృందం దీని గుట్టు విప్పింది. పుట్టుమచ్చలో విభజన మానేసిన ముసలి రంగుకణాలు గుంపుగా ఉంటాయి. అవి ఆస్టియోపాంటిన్ అనే ప్రొటీన్‌ను దండిగా విడుదల చేస్తాయి, అది పక్కనున్న కుదురు మూలకణాలను రెచ్చగొడుతుంది. సెంటీమీటరు అవతల మామూలు చర్మంలో లేని జుట్టు ఇక్కడ ఉండడానికి కారణం పక్కింటివాళ్ల గోల. పేలవంగా ఉండాల్సిన ముసలి కణాలే జుట్టును ఇంత జోరుగా పెంచడం పరిశోధకులను కూడా ఆశ్చర్యపరిచింది.

మసాజ్, గుండు, డెర్మారోలర్

ఇంత తెలిశాక నూనె మర్దన మాటేమిటి? 2016లో జపాన్‌లో తొమ్మిదిమంది మగవాళ్లు రోజుకు నాలుగు నిమిషాల చొప్పున 24 వారాలు యంత్రంతో మాడు మసాజ్ చేయించుకున్నారు. వెంట్రుక సగటు లావు 0.085 నుంచి 0.092 మిల్లీమీటర్లకు పెరిగింది, వెంట్రుకల సంఖ్య మాత్రం పెరగలేదు. తొమ్మిదిమందితో ఏదీ గట్టిగా చెప్పలేం. అయితే ఆ పరిశోధకులు చూపిన కారణం గమనించాలి: చర్మం సాగడం వల్ల పాపిల్లా కణాల జన్యువుల పనితీరు మారిందని వాళ్లు అనుమానించారు. ఆదివారం తలంటు హాయిగా ఉంటుంది, నూనె వెంట్రుక పైపొరను కాపాడుతుంది, అంతవరకు చాలు. మొలకెత్తించే పని దానికి అప్పగించడం అనవసరం.

గుండు కొట్టిస్తే జుట్టు ఒత్తుగా వస్తుందన్న నమ్మకమూ ఇలాంటిదే. తిరుమలలో తలనీలాలు ఇచ్చి వచ్చిన పిల్లలకు జుట్టు దట్టంగా మొలిచినట్టు కనిపిస్తుంది. కత్తి చర్మం పైనే ఆగిపోతుంది, నాలుగు మిల్లీమీటర్ల కింద ఉన్న పాపిల్లాకు ఆ సంగతే తెలియదు. 1928లోనే అమెరికాలో మిల్‌డ్రెడ్ ట్రాటర్ కొలిచి మరీ చూసింది, గీకడం వల్ల వెంట్రుక లావూ మారలేదు, వేగమూ మారలేదు. సన్నని కొన పోయి మొండి కొన బయటికి రావడం, పిల్లల జుట్టు వయసుతో సహజంగానే లావవడం, ఈ రెండూ కలిసి అలా అనిపిస్తుంది.

డెర్మారోలర్ లెక్క కాస్త వేరు. ముంబయిలో రచితా ధురత్ బృందం 2013లో వందమంది మగవాళ్లను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు మినాక్సిడిల్ మాత్రమే, రెండో జట్టుకు దాంతోపాటు వారానికోసారి సన్న సూదుల రోలర్ కూడా వాడింది. పన్నెండు వారాలకు రెండో జట్టులో కొత్త వెంట్రుకలు స్పష్టంగా ఎక్కువగా కనిపించాయి. ఇందులో రక్తం పెరగడం కన్నా, చిన్న గాయాలు మానేటప్పుడు చుట్టూ కణాలు విడుదల చేసే సంకేతాలకే ఎక్కువ పాత్ర ఉండొచ్చు. ఆన్‌లైన్‌లో దొరికే రోలర్‌ను సరిగా శుభ్రం చేయకుండా ఇంట్లో వాడితే మాత్రం ఇన్‌ఫెక్షన్‌ను కొని తెచ్చుకున్నట్టే.

కొత్త కుదురు పుట్టించాలంటే

పక్క కణజాలానికి ఉన్న శక్తిని తేల్చి చూపిన ప్రయోగం 1999లో జరిగింది, అదీ కాస్త వింతగా. ఇంగ్లండ్‌లో కొలిన్ జహోడా అనే పరిశోధకుడి తలలోంచి కుదురును చుట్టి ఉండే తొడుగు కణజాలాన్ని తీసి, సహ పరిశోధకురాలు అమాండా రేనాల్డ్స్ ముంజేతిలో నాటారు. వేరే మనిషి కణజాలం కాబట్టి శరీరం తిప్పికొట్టాలి. తిప్పికొట్టలేదు. ఆమె చేతి చర్మం మీద నూగుకన్నా లావైన కొత్త వెంట్రుకలు మొలిచాయి, వాటి పాపిల్లాల్లో అతని కణాలున్నాయి. జుట్టు తయారుచేసే పొర ఆమెదే, దాన్ని తయారుచేయమని చెప్పినవి అతని తొడుగు కణాలు.

ఇంత శక్తి ఉన్న కణాలను పాత్రలో పెంచి, బట్టతల మీద నాటితే సరిపోతుందని అప్పట్లో చాలామంది ఆశపడ్డారు. కానీ మనిషి పాపిల్లా కణాలు చదునైన పాత్రలో పెరిగేటప్పుడు తమ పనే మరిచిపోతాయి. వాటిని వేలాడే ద్రవపు చుక్కల్లో పెట్టి మళ్లీ గుండ్రటి ముద్దలుగా కూడితే ఆ జ్ఞాపకం కొంత తిరిగొస్తుందని 2013లో జహోడా, న్యూయార్క్‌లోని ఏంజెలా క్రిస్టియానో బృందాలు కలిసి చూపాయి. 2018లో క్రిస్టియానో బృందం త్రీడీ ప్రింటింగ్‌తో చేసిన అచ్చుల్లో మనిషి కణాలతో చర్మం ముక్కలు తయారుచేసి, వాటిలో కుదుళ్లు పేర్చింది. అవి చిట్టెలుకల మీద నాటాక నిలబడి వెంట్రుక ఇవ్వాలంటే ఒకటి తప్పనిసరైంది. ఆ ముక్కల్లో ముందుగానే రక్తనాళాల కణాలను కూడా అల్లి పెట్టాల్సి వచ్చింది.